సంక్రాంతి సెలవుల్లో నొజావా ఒన్సెన్: మొదటిసారి స్కీయింగ్, వెంట అమ్మానాన్నలు, ఇద్దరు పిల్లలు

మియాపూర్_బాటసారి
వచ్చే సంక్రాంతి సెలవులకు మా కుటుంబమంతా జపాన్ వెళ్లాలని నిశ్చయించుకున్నాం. నేను, నా భార్య, తొమ్మిదేళ్ల బాబు, ఐదేళ్ల పాప, మా అమ్మానాన్నలు కలిపి ఆరుగురం. మాలో ఎవరమూ ఇంతవరకు కాలికి స్కీలు కట్టుకున్నవాళ్లం కాదు. మంచు చూసింది ఒక్కసారే, అదీ మనాలీలో, మార్చి నెలలో, బురద కలిసిపోయిన మంచు. పిల్లలిద్దరూ ఆ రోజు నుంచి నిజమైన మంచు ఎప్పుడు చూపిస్తావని అడుగుతూనే ఉన్నారు.

నాగానో రాష్ట్రంలోని నొజావా ఒన్సెన్ అనే పాత ఊరు గురించి చదివినప్పటి నుంచి నా మనసు అక్కడే ఉంది. వేడినీటి బుగ్గల చుట్టూ అల్లుకున్న ఇరుకు వీధులు, ఊరి వెనుకే స్కీ వాలులు ఉండటం నాకు బాగా నచ్చాయి. అయితే మా ఆఫీసులో ఒక మిత్రుడు హకుబా అయితేనే కొత్తవాళ్లకు అనువుగా ఉంటుందని గట్టిగా చెబుతున్నాడు. ఇద్దరి మాటా కలిసివచ్చేలా టోక్యోలో రెండు రాత్రులు, నొజావాలో రెండు, హకుబాలో రెండు, క్యోటోలో రెండు, ఒసాకాలో ఒకటి చొప్పున తొమ్మిది రాత్రుల ప్రణాళిక వేశాను.

మా అమ్మ కోడిగుడ్డు కూడా ముట్టని శాకాహారి. నాన్నగారికి అరవై ఆరేళ్లు, మోకాళ్ల నొప్పి ఉంది, రక్తపోటుకు మాత్ర వేసుకుంటారు. వాళ్లిద్దరినీ అంత చలిలోకి తీసుకెళ్లడం సరైన పనేనా? జపాన్ రైళ్లలో తిరగడానికి విదేశీ యాత్రికులకిచ్చే జేఆర్ పాస్ కొనాలా? బస ఎలాంటిది చూసుకోవాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరు.

నిషికసాయి_వాసి
తొమ్మిది రాత్రుల్లో ఐదు ఊళ్లంటే ఆరుగురి పెట్టెలు సర్దడంతోనే సెలవు గడిచిపోతుంది. స్కీయింగ్ నేర్చుకోవడానికి మొదటి రెండు రోజులు పడటం, లేవడమే సరిపోతుంది. మూడో రోజున ఒంట్లో భయం పోయి ఆనందం మొదలవుతుంది. మీ ప్రణాళికలో ఆ మూడో రోజు వచ్చేసరికి మీరు హకుబా వెళ్లే బస్సులో కూర్చుని ఉంటారు. మంచు ఊరు ఒక్కటే ఎంచుకొని, అక్కడే ఐదు రాత్రులు ఉండండి.

పాస్ సంగతి లెక్క వేసి చూడండి. 2023 అక్టోబరులో ఏడు రోజుల సాధారణ జేఆర్ పాస్ ధర 29,650 యెన్‌ల నుంచి 50,000 యెన్‌లకు పెరిగింది. టోక్యో నుంచి నొజావాకు దగ్గరి ఈయామా స్టేషన్‌కు షిన్‌కాన్‌సెన్ అనే బులెట్ రైలు టికెట్ ఒకవైపు సుమారు 9,000 యెన్‌లు. క్యోటో, ఒసాకా తీసేస్తే పాస్ దండగ. తొమ్మిదేళ్ల బాబుకు సగం టికెట్, ఐదేళ్ల పాపకు విడిగా సీటు అక్కర్లేకపోతే టికెట్ అవసరం లేదు.

హకుబా_దారి
మీ మిత్రుడి మాటను అంత తేలిగ్గా పక్కన పెట్టకండి. హకుబా లోయలో పది స్కీ కేంద్రాలు ఉన్నాయి. 1998 నాగానో ఒలింపిక్స్‌లో డౌన్‌హిల్ పోటీలు జరిగిన హప్పో వనే కొండ అక్కడిదే. ఇంగ్లీషులో నేర్పే స్కూళ్లు, భారతీయ వంట దొరికే చోట్లు, పెద్ద గదులున్న అపార్ట్‌మెంట్లు అక్కడ ఎక్కువ. శాకాహారి తల్లితో, పసిపిల్లతో వెళ్లేవారికి సొంత వంటగది ఉన్న బసకు మించిన సుఖం లేదని నా అనుభవం. మేము నిరుడు ఫిబ్రవరిలో ఆరు రోజులు ఉన్నాం, ప్రతి రాత్రీ వేడన్నంలో చారు పోసుకొని తిన్నాం.

షిన్షూ_చదువరి
నేను మత్సుమోతోలో నాలుగేళ్లు పరిశోధన చేశాను. ఆ నాలుగు చలికాలాల్లో హకుబాకూ, షిగా కోగెన్‌కూ, నొజావాకూ చాలాసార్లు వెళ్లాను. హకుబా_దారి గారు చెప్పిన సౌకర్యాలన్నీ నిజమే. కానీ హకుబా లోయ పొడవునా చెదిరి ఉంటుంది, బసకూ వాలుకూ మధ్య బస్సు ఎక్కాలి. స్కీయింగ్ చేయని పెద్దవాళ్లు పగలంతా ఏం చేయాలన్నది అక్కడ నిజంగా చిక్కు ప్రశ్న. నొజావాలో ఆ చిక్కు లేదు, ఎందుకంటే అక్కడ ఊరే చూడవలసినది.

ఆ ఊళ్లో సొతోయు అని పిలిచే సామూహిక స్నానశాలలు 13 ఉన్నాయి. అవి ఏ హోటల్‌వీ కావు, ప్రభుత్వానివీ కావు. ఒక్కో స్నానశాలను దాని చుట్టుపక్కల ఇళ్లవాళ్లు యు-నకామా అనే సంఘంగా ఏర్పడి వంతులవారీగా కడిగి, దీపం పెట్టి, మరమ్మతు చేసి కాపాడుకుంటారు. బయటివాళ్లు కూడా డబ్బు కట్టకుండానే స్నానం చేయవచ్చు. తలుపు దగ్గర చిన్న పెట్టె ఉంటుంది, అందులో తోచినంత వేయాలి. ఊరి నడుమనున్న ఓయు అనే స్నానశాల పాత కొయ్య గుడిలా ఉంటుంది. దాని కప్పు సందుల్లోంచి రాత్రి వేళ ఆవిరి పైకి లేస్తూ వీధి దీపాల వెలుగులో కనిపిస్తుంది. నేను మొదటిసారి వెళ్లిన రాత్రి దాని ఎదురుగా నిలబడి, వచ్చిన పని మరిచి చాలాసేపు చూశాను.

కొద్దిగా పైకి నడిస్తే ఓగామా అనే బుగ్గల తొట్టెలు ఉంటాయి. అక్కడి నీళ్లు 90 డిగ్రీల వేడితో మరుగుతుంటాయి. ఊరి ఆడవాళ్లు వలబుట్టల్లో కూరగాయలు, గుడ్లు తెచ్చి అందులో ముంచి ఉడకబెట్టుకొని ఇంటికి తీసుకెళ్తారు. ప్రమాదం కనుక లోపలికి ఊరివాళ్లకే ప్రవేశం, మనం కంచె ఇవతల నిలబడి చూడాలి. మీ అమ్మగారికి అదొక్కటే ఒక పూట కాలక్షేపమని నాకనిపిస్తోంది.

తెనాలి_ఆడపడుచు
స్నానశాల అనగానే మా అత్తగారు మొదట అడిగింది బట్టల సంగతి. మియాపూర్_బాటసారి గారూ, ఈ మాట మీ అమ్మగారికి బయలుదేరక ముందే చెప్పండి. ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేర్వేరు గదులు ఉంటాయి గానీ లోపల ఎవరూ ఏ బట్టా ఉంచుకోరు, ఈత దుస్తులు కూడా వేసుకోకూడదు. మా అత్తగారు ససేమిరా అన్నారు. చివరికి మేమున్న ర్యోకాన్ అనే జపాన్ సంప్రదాయ సత్రంలోనే గంటసేపు ఒక్క కుటుంబానికే ఇచ్చే స్నానపు గది ఉందని తెలిసి, ముందుగా సమయం అడిగి పెట్టుకున్నాం. మూడో రోజున ఆవిడే నన్ను తొందరపెట్టి లేపారు. బస వెతికేటప్పుడు అలాంటి గది ఉందా అని తప్పకుండా కనుక్కోండి.

ఇంకొక మాట కూడా చెప్పాలి. అక్కడి నీళ్లలో గంధకం ఉంటుంది. నా మెట్టెలు, పాప పట్టీలు ఒక్క పూటలో నల్లగా మసిబారిపోయాయి. వెండి వస్తువులన్నీ తీసి గదిలో పెట్టి వెళ్లడం మంచిది.

వరంగల్_డాక్టర్
పెద్దాయన రక్తపోటు గురించి చెప్పారు కనుక ఈ విషయం నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. సొతోయుల్లో నీళ్లు మన ఇంటి వేడినీళ్లలా ఉండవు. చాలావాటిలో 43, 44 డిగ్రీలు దాటి ఉంటాయి, కొన్నిట్లో చెయ్యి పెట్టడమే కష్టం. మంచులో నడిచి వచ్చి, వణుకుతూ బట్టలు విప్పి, ఒక్కసారిగా అంత వేడిలో దిగితే రక్తపోటు ముందు పెరిగి, తర్వాత అంతే వేగంగా పడిపోతుంది. జపాన్‌లో చలికాలంలో వృద్ధులు స్నానాల తొట్టెలో కూలిపోవడం అందరికీ తెలిసిన సమస్య.

కాబట్టి నాన్నగారు ఒంటరిగా వెళ్లకూడదు. ముందు కాళ్ల మీద, తర్వాత భుజాల మీద నీళ్లు పోసుకొని ఒళ్లు అలవాటయ్యాక నడుము వరకే దిగి, నాలుగైదు నిమిషాల్లో బయటికి రావాలి. లేచేటప్పుడు నెమ్మదిగా లేవాలి. భోజనం అయిన వెంటనే గానీ, మద్యం తీసుకొని గానీ దిగకూడదు. వెళ్లేముందు ఆయన వైద్యుడిని ఒక్కసారి అడగండి. మోకాళ్లకు మాత్రం వేడినీళ్లు హాయిగా ఉంటాయి.

షిన్షూ_చదువరి
డాక్టరు గారి మాటకు ఒకటి జోడిస్తాను. నీళ్లు మరీ వేడిగా ఉంటే చన్నీళ్ల కుళాయి తిప్పుకోవచ్చు, కానీ లోపల ఊరివాళ్లు ఉంటే వాళ్లను అడగకుండా తిప్పకూడదు. వాళ్లకు ఆ వేడే కావాలి. ఒకసారి నేను తెలియక తిప్పితే ఒక పెద్దాయన ఏమీ అనలేదు గానీ లేచి వెళ్లి నెమ్మదిగా కట్టేశారు. నాకు సిగ్గేసింది. తర్వాత ఆయనే కొయ్య పలకతో నీళ్లు కలియబెట్టి, నన్ను అంచున కూర్చోమని సైగ చేశారు.

గోదారి_గట్టు
అసలు ప్రశ్న పక్కదారి పట్టిందేమో అనిపిస్తోంది. ఇది స్కీయింగ్ సెలవు కదా. ఆరుగురిలో నలుగురే స్కీయింగ్ చేస్తారు, ఆ నలుగురికీ ఏమీ రాదు. ఇంత ఖర్చు పెట్టి జపాన్ వెళ్లేకంటే గుల్మర్గ్ ఎందుకు కాదు? అక్కడ కేంద్ర ప్రభుత్వపు స్కీయింగ్ సంస్థ ఉంది, కోర్సులు ఉన్నాయి, గొండోలా (తీగ మీద నడిచే పెట్టెల దారి) రెండో దశ అఫర్వత్ కొండ మీద సుమారు 3,980 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్తుంది. ముందు అక్కడ నేర్చుకొని, ఆ తర్వాత జపాన్ వెళ్తే డబ్బుకు తగిన ఫలితం ఉంటుంది.

పాత_స్కీయర్
గోదారి_గట్టు గారి సలహా పెద్దవాళ్లు మాత్రమే వెళ్లే జట్టుకు మంచిదే. నేను నేర్చుకున్నదీ గుల్మర్గ్‌లోనే. అయితే ఆ 3,980 మీటర్ల ఎత్తు కొత్తవాళ్లకు పనికిరాదు, వాళ్లు కింది మైదానంలోనే ఉండాలి. గాలి పలుచన కనుక అరవై దాటినవాళ్లకు ఆయాసం కూడా వస్తుంది. నొజావాలో ఊరు 600 మీటర్లకు అటూ ఇటూ, కెనాషి కొండ శిఖరం 1,650 మీటర్లు. మంచుకు ఎత్తు అక్కర్లేదా అని మీరు అడగవచ్చు. చలికాలంలో సైబీరియా నుంచి వీచే చల్లగాలి జపాన్ సముద్రం దాటేటప్పుడు తేమను తాగి వస్తుంది. తీరం దాటగానే కొండలు అడ్డు తగిలి, ఆ తేమంతా మంచుగా కురుస్తుంది. అందుకే అంత తక్కువ ఎత్తులోనే ఇంటి కప్పులను ముంచే మంచు పడుతుంది.

కొత్తవాళ్లకు లోతైన పొడిమంచు వరం కాదని కూడా తెలుసుకోండి. రాత్రి అరమీటరు కురిస్తే నిపుణులు పండగ చేసుకుంటారు, మొదటి రోజువాళ్లు అందులో స్కీలు కూరుకుపోయి ఏడుస్తారు. యంత్రంతో చదును చేసిన వాలుల మీదే ఉండండి. హికాగే అనే కింది భాగంలో కొత్తవాళ్లకూ పిల్లలకూ చోటుంది. ఊరి నుంచి అక్కడికి యు రోడ్ అనే కదిలే నడక దారి ఉంది, కనుక బరువైన బూట్లతో కొండ ఎక్కే బాధ తప్పుతుంది.

మొదటి రెండు రోజులూ పొద్దున పూట అందరూ టీచరు దగ్గరే నేర్చుకోండి. భార్యకు భర్త నేర్పడం, పిల్లలకు తండ్రి నేర్పడం చూశాను, సాయంత్రానికి మాటలు ఉండవు. ఇంగ్లీషులో నేర్పేవారు జనవరిలో దొరకడం కష్టం కనుక బసతో పాటే పాఠాలు కూడా ఇప్పుడే కుదుర్చుకోండి. స్కీ ముందు కొసలు దగ్గరగా, వెనుక కొసలు దూరంగా పెట్టి వేగం తగ్గించే పద్ధతిని అక్కడ బోగెన్ అంటారు, అది జర్మన్ మాట. 1930లో ఆస్ట్రియా నుంచి హాన్నెస్ ష్నైడర్ అనే మహా గురువు జపాన్ వచ్చి పాఠాలు చెప్పినప్పుడు నొజావాకు కూడా వెళ్లారు. ఆయన ఊరు సాంక్ట్ ఆంటోన్‌కూ నొజావాకూ 1971 నుంచి సోదర బంధం ఉంది. ఆ ఊరి స్కీ క్లబ్బు పుట్టింది 1923లో. మీ పాపకు బోగెన్ నేర్పబోయేది వందేళ్ల అనుభవం ఉన్న ఊరు.

కాకినాడ_కాజా
బూట్ల గురించి ఎవరూ చెప్పలేదు. మొదటి రోజు నేను చలికి భయపడి రెండు జతల మేజోళ్లు తొడుక్కున్నాను. మధ్యాహ్నానికి పిక్కల మీద చర్మం కమిలిపోయింది, వేళ్లు తిమ్మిరెక్కాయి. అద్దె దుకాణం పెద్దాయన నా బూటు విప్పించి, లోపలి మేజోడు మడత చూపించి తల అడ్డంగా ఊపారు. మోకాలి వరకు వచ్చే పలుచని మేజోడు ఒక్కటే వేసుకోవాలి, లోపలి ప్యాంటు అంచు బూటులోకి పోకూడదు. ముందు పట్టీలు వదులుగా పెట్టి, నిలబడి మోకాలు ముందుకు వంచి, మడమ వెనక్కి ఆనిన తర్వాత బిగించుకోవాలి. నూలు బట్టలు, జీన్స్ అసలు వద్దు, తడిస్తే ఆరవు.

మియాపూర్_బాటసారి
ఇన్ని వివరాలు వస్తాయని నేను అనుకోలేదు. క్యోటో, ఒసాకా, హకుబా తీసేస్తున్నాను. నొజావాలో ఐదు రాత్రులు ఉంటాం. జనవరి 12 నుంచి 17 వరకు అనుకుంటున్నాను. అమ్మ భోజనం గురించే నాకింకా దిగులుగా ఉంది. ర్యోకాన్‌లో రాత్రి భోజనం, పొద్దుటి ఫలహారం కలిపి ఇస్తారట, శాకాహారం చేసిపెడతారా?

నిషికసాయి_వాసి
తేదీలు చూసి ఉలిక్కిపడ్డాను. జనవరి 15 రాత్రి నొజావాలో దోసోజిన్ అగ్ని పండగ జరుగుతుంది. ఏటా అదే తేదీ, వారంతో పని లేదు. ఆ రెండు మూడు రాత్రులకు ఊళ్లో గదులు దొరకడం చాలా కష్టం. ఇంకా కుదుర్చుకోకపోతే ఈ రోజే మొదలుపెట్టండి, లేదా 16 తర్వాత వెళ్లండి. జనవరి రెండో సోమవారం కూడా జపాన్‌లో సెలవు, ఆ వారాంతం వాలుల మీద రద్దీ ఉంటుంది.

షిన్షూ_చదువరి
16 తర్వాత వెళ్లమన్న సలహాతో నేను ఏకీభవించను. సంక్రాంతి సెలవుల్లో వెళ్లే తెలుగు కుటుంబం ఆ పండగను తప్పించుకోవడమా? మన ఇంటి ముందు భోగి మంట వేసిన ఒకటి రెండు రోజులకే వాళ్ల మంట వస్తుంది. ఊరివాళ్లు కొండ నుంచి బీచ్ చెట్ల మొద్దులు తెచ్చి, ఇంటి కంటే ఎత్తైన కొయ్య మంటపం కడతారు. ఊళ్లో 42 ఏళ్ల వయసు మగవాళ్లు దాని మీద కూర్చుంటారు. 25 ఏళ్లవాళ్లు కింద కాపు కాస్తారు. ఆ రెండు వయసులూ మగవాళ్లకు గండమని వాళ్ల నమ్మకం. మిగిలిన ఊరంతా కాగడాలతో ఆ మంటపాన్ని అంటించడానికి మీద పడతారు, కింది కుర్రాళ్లు పైన్ కొమ్మలతో కొట్టి ఆర్పుతారు. చివరికి పైవాళ్లు దిగిపోయాక మొత్తం మంటపాన్ని దహనం చేస్తారు. ఆ ఏడాది మొదటి మగబిడ్డ పుట్టిన ఇళ్లవాళ్లు ఎత్తైన దీపస్తంభం చేయించి అందులో అర్పిస్తారు. 1993లో జపాన్ ప్రభుత్వం దాన్ని ముఖ్యమైన జానపద సాంస్కృతిక సంపదగా గుర్తించింది.

ఆ ముఖాల్లో నేను చూసిన శ్రద్ధ యాత్రికుల కోసం వేసే ప్రదర్శనలో రాదు. 25 ఏళ్ల కుర్రాళ్లు మసి పూసుకుపోయిన మొహాలతో, గొంతులు బొంగురుపోయి, ఒకరి భుజం ఒకరు పట్టుకొని నిలబడి ఉంటారు.

తెనాలి_ఆడపడుచు
పండగ చూడండి, కానీ ఐదేళ్ల పాపను ముందు వరుసలోకి తీసుకెళ్లకండి. నిప్పురవ్వలు దూరం దాకా ఎగురుతాయి. మా వారి కొత్త జాకెట్టుకు పన్నెండు చిల్లులు పడ్డాయి. నైలాన్ బట్ట కనుక రవ్వ తగిలిన చోటల్లా కరిగి గుండ్రంగా చిల్లు పడుతుంది. పాత జాకెట్టు ఉంటే అది వేసుకోండి. అమ్మానాన్నలను, పిల్లలను దూరంగా, ఎత్తున నిలబెట్టండి. మంట కాగానే జనం ఒక్కసారి కదులుతారు, అంతకు ముందే ఇంటికి బయలుదేరండి.

అమ్మగారి భోజనం విషయం. జపాన్ వంటలో కనిపించని చిక్కు దాషి అనే రసం. పులుసు, సొబా నూడుల్స్ చారు, ఉడికించిన కూర, చివరికి కొన్ని ఊరగాయల్లో కూడా ఎండబెట్టిన బొనిటో చేప నుంచి తీసిన దాషి ఉంటుంది. మాంసం వద్దు, చేప వద్దు అని చెప్పినా ఈ రసం తీయరు, ఎందుకంటే వాళ్లకు అది చేప తినడం కాదు. చేపల దాషి కూడా వద్దు, కొంబు అనే సముద్రపు ఆకుతో చేసినదైతే ఫర్వాలేదని జపనీస్‌లో రాయించి, బస కుదుర్చుకునేటప్పుడే పంపించండి. మేము ఒక బసకు అలా రాయకుండా శాకాహారమని మాత్రమే రాశాం. ఆ రాత్రి అన్నం, కాల్చిన వంకాయ తప్ప మా అత్తగారు తినగలిగింది ఏదీ లేదు. వంట చేసినావిడ తప్పు కాదు, మేము చెప్పవలసిన తీరులో చెప్పలేదు.

హకుబా_దారి
ఇందుకే నేను మొదట్లో వంటగది అన్నాను. నొజావాలో కూడా వంటగది ఉన్న ఇళ్లు అద్దెకు ఉన్నాయి. మూడు రాత్రులు అలాంటి ఇంట్లో, రెండు రాత్రులు భోజనంతో కూడిన ర్యోకాన్‌లో ఉంటే రెండు కోరికలూ తీరతాయి. ఊరు చిన్నది కనుక పెట్టెలు మార్చడం కష్టం కాదు.

నిషికసాయి_వాసి
హకుబా_దారి గారి ఈ సలహా నాకు అన్నిటికంటే నచ్చింది. సరుకుల విషయంలో మాత్రం జాగ్రత్త. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి జపాన్‌లోకి తేకూడదు, మాంసంతో చేసిన ఏ వస్తువూ విమానాశ్రయంలో దాటనివ్వరు. పచ్చి కరివేపాకు, పండ్లు కూడా పత్రం లేకుండా తేవద్దు. ఆవకాయ, గోంగూర, కందిపొడి, ఉప్మా రవ్వ, చారు పొడి తెచ్చుకోండి. బియ్యం, పెరుగు, బంగాళాదుంపలు, క్యాబేజీ ఊళ్లో దొరుకుతాయి. ఊళ్లో చాలా దుకాణాలు నగదే అడుగుతాయి, టోక్యోలోనే యెన్‌లు తీసుకొని వెళ్లండి.

వరంగల్_డాక్టర్
పాత జపాన్ ఇళ్లలో గది వెచ్చగా ఉంటుంది, నడవా, మరుగుదొడ్డి చల్లగా ఉంటాయి. తతామి చాపల మీద పరుపు వేసి పడుకోవాలి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు నేల మీద నుంచి లేవడమే పెద్ద శిక్ష. మంచం, కుర్చీ ఉన్న గది కావాలని రాయండి. వీధులన్నీ వాలుగా ఉంటాయి, తొక్కిన మంచు గాజులా జారుతుంది. బూటు అడుగున తగిలించుకునే ముళ్ల రబ్బరు పట్టీలు అక్కడ దుకాణాల్లో దొరుకుతాయి, పెద్దవాళ్లిద్దరికీ మొదటి గంటలోనే కొనండి. ప్రయాణ బీమాలో స్కీయింగ్ ప్రమాదాలు చేరి ఉన్నాయో లేదో చదవండి. మామూలు పాలసీల్లో చాలావాటిలో ఉండవు.

గోదారి_గట్టు
సంక్రాంతికి భోగి మంట వదిలి అక్కడి మంట చూడటానికి వెళ్లడమేమిటని ముందు అనుకున్నాను. చదువరి గారు రాసింది చదివాక గుల్మర్గ్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్క సందేహం. స్కీయింగ్ చేయని పెద్దవాళ్లు కొండ పైకి వెళ్లి చూడగలరా?

పాత_స్కీయర్
వెళ్లగలరు. నాగసాకా గొండోలాను 2020 డిసెంబరులో కొత్తగా కట్టారు. పెట్టెలు పెద్దవి, లోపల కూర్చొని వెళ్లవచ్చు. పైన యమాబికో ప్రాంతంలో చెట్లన్నీ మంచు బొమ్మల్లా నిలబడి ఉంటాయి. గాలి ఎక్కువైతే గొండోలా ఆపేస్తారు కనుక, ఆకాశం తేటగా ఉన్న మొదటి పొద్దుననే వాళ్లను తీసుకెళ్లండి, రేపు చూద్దాంలే అనుకోవద్దు. వెళ్లి వచ్చాక ఊళ్లోనే ఉన్న స్కీ మ్యూజియం చూడవచ్చు.

తొమ్మిదేళ్ల బాబుకు ఒక్క మాట నా తరఫున చెప్పండి. తాడు కట్టిన చోటు దాటి చెట్లలోకి ఎంత మంచి మంచు కనిపించినా వెళ్లకూడదు. మంచు చరియలు విరిగిపడే ముప్పు ఉంది, చెట్టు మొదట్లో మంచు కింద గుంతలు ఉంటాయి, తలకిందులుగా పడితే ఊపిరాడదు. హద్దు దాటి చిక్కుకుంటే వెతికినందుకు అయిన ఖర్చు వాళ్లే కట్టాలని ఆ ఊరి నిబంధన.

కాకినాడ_కాజా
నిషికసాయి_వాసి గారూ, టోక్యో నుంచి వెళ్లేటప్పుడు ఏ రైలు ఎక్కాలో కూడా రాయండి. నేను మొదటిసారి అసామా ఎక్కి నాగానోలో దిగిపోయాను.

నిషికసాయి_వాసి
అసామా నాగానోతో ఆగిపోతుంది, కాగయాకి ఈయామాలో ఆగదు. హకుతకా ఎక్కాలి. టోక్యో నుంచి గంటా యాభై నిమిషాలు అనుకోండి, ఉయేనోలో కూడా ఎక్కవచ్చు. ఈయామా స్టేషన్ బయటే నొజావా ఒన్సెన్ లైనర్ బస్సు ఉంటుంది, 25 నిమిషాల్లో ఊళ్లో దింపుతుంది. పెద్ద పెట్టెలను టోక్యో హోటల్ నుంచే కొరియర్‌లో ముందు రోజు పంపించేయండి, మరుసటి రోజుకు బసకు చేరతాయి. ఆరుగురూ ఒక్కో చేతిసంచితో రైలెక్కితే ఆ ప్రయాణమే సగం సెలవు. విమానం దిగిన రోజే మాత్రం కొండకు వెళ్లకండి, ఒక రాత్రి టోక్యోలో నిద్రపోండి.

మియాపూర్_బాటసారి
రాత్రి కూర్చొని ఎనిమిది బసలకు రాశాను. 14, 15 తేదీలకు ఏడింటిలో చోటు లేదు. ఎనిమిదో చోటు ఒక ముసలి దంపతులు నడిపే మిన్షుకు, అంటే ఇంటి బస. వంటగది వాడుకోనిస్తారట, ఒక గదిలో రెండు మంచాలు వేయిస్తామన్నారు. దాషి గురించి తెనాలి_ఆడపడుచు గారు చెప్పినట్టే జపనీస్‌లో రాయించి పంపితే, మీ అమ్మగారికి మా పెరటి నొజావానా ఆకును నూనెలో వేయించి పెడతామని జవాబు వచ్చింది. ఆ వాక్యం అమ్మకు చదివి వినిపించాను. వాళ్లకు మాగాయ తీసుకెళ్లవచ్చా అని అడుగుతోంది.

టోక్యోలో రెండు రాత్రులు, నొజావాలో 12 నుంచి 17 వరకు ఐదు, తిరిగి వచ్చి టోక్యోలో రెండు. పిల్లల బూట్లకు కొలతలు పంపమని అద్దె దుకాణం అడిగింది, మన సైజు రాస్తే సరిపోతుందా?

కాకినాడ_కాజా
సరిపోదు, సెంటీమీటర్లలో అడుగుతారు. సాయంత్రం పూట, పాదం కొంచెం పొంగి ఉన్నప్పుడు, కాగితం మీద పిల్లలను నిలబెట్టి మడమ నుంచి పొడవైన వేలి వరకు గీత గీసి కొలవండి. ఎదిగే పిల్లలు కనుక జనవరి మొదటి వారంలో మళ్లీ ఒకసారి కొలిచి పంపండి.

తెనాలి_ఆడపడుచు
మాగాయ తప్పకుండా తీసుకెళ్లండి. సీసా కాకుండా మూత బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, చెక్ ఇన్ పెట్టెలో వేయండి.